రూపాయి ఫోన్‌లో బాపు అడిగిన మనిషి

మొదటి లాక్‌డౌన్ ముగిసి, రెండో వేవ్ ఇంకా రాని ఆ నడిమి నెలల్లో నేనొక ఆటలో చేరాను. అప్పుడు నాది డిగ్రీ చివరి ఏడాది. క్లాసులన్నీ ఫోన్‌లోనే. సూరత్‌లోని అమ్రోలిలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అమ్మ చీరలకు లేసు కుట్టేది. లోపలి గదిలో నేను పాఠాలు వింటున్నట్టు కూర్చునేదాన్ని. బాపు పొద్దున్నే సాంచాల మీదికి పోయి సాయంత్రానికి వచ్చేవాడు. సాంచాలంటే మరమగ్గాలు. వాటి మోతలో ముప్పై ఏళ్ళు నిలబడినందుకు బాపుకు చెవులు సగమే పనిచేస్తాయి. మా ఇంట్లో మెల్లగా మాట్లాడటం ఎవరికీ అలవాటు లేదు.

ఆ ఆట సంగతి ఫోన్‌లో ఒక గ్రూపు ద్వారా తెలిసింది. ఆల్టర్నేట్ రియాలిటీ గేమ్ అంటారట. ఎవరో నలుగురైదుగురు కలిసి ఒక కథ అల్లుతారు, ఆ కథ మన వీధుల్లో నిజంగా జరుగుతున్నట్టే నడిపిస్తారు. ఇందులో కథ ఒక టెలిఫోన్ ఆపరేటరమ్మది. ఆమె పనిచేసిన ఎక్స్ఛేంజి ఎప్పుడో మూతబడింది, ఆమె మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఏ ఊళ్ళో పబ్లిక్ ఫోన్ ఇంకా పనిచేస్తుందో ఆ ఊరితోనే ఆమె మాట్లాడగలదు. మనం అలాంటి ఫోన్ వెతికి నంబరు పంపాలి. చెప్పిన వేళకు అది మోగుతుంది. ఎత్తినవాళ్ళు సరైన జవాబు చెబితే కథ ముందుకు కదులుతుంది. ఇది ఆట అని మాత్రం ఎవరూ పైకి అనకూడదు. అదే నియమం.

మరి సూరత్‌లో పనిచేసే రూపాయి ఫోన్ ఎక్కడుంది? బాపునే అడిగాను.

"ఎందుకు బిడ్డా? నీ చేతిల ఉన్నదేంది మరి?"

నాకు తోచినట్టు చెప్పాను. బాపు ఓపికగా విన్నాడు.

"అంటే ఫోన్ మోగుతది. ఎవ్వలో తెల్వనామె మాట్లాడుతది. నువ్వు జవాబు చెప్తవ్. గంతేనా?"

"గంతే బాపూ."

"మంచిగనే ఉన్నది. ఆదివారం పోదాం పా."

ఆ ఆదివారం స్కూటర్ మీద వెనక కూర్చుని నేను చూసిన సూరత్ నాకు అంతవరకూ తెలియదు. ఇరవై ఏళ్ళ కింద ఎక్కడెక్కడ రూపాయి ఫోన్లు ఉండేవో బాపుకు ఒక్కటీ మరుపు లేదు. స్టేషన్ బయట పండ్ల బండి పక్కన ఒకటుండేదట. కతార్‌గామ్‌లో ఒక మందుల షాపు ముందర, వంతెన దిగగానే ఒక చాయ్ హోటల్లో కూడా. జగిత్యాల దగ్గరి మా ఊరికి ఫోన్ చేయడానికి ఆదివారాలు లైన్లో నిలబడేవాళ్ళమని చెప్పాడు. పీ పీ అని మోగితే ఇంకో రూపాయి వేయాలి, వేసేలోగా అవతల మా నానమ్మ "హలో హలో" అంటూ పెట్టేసేదట. ఇప్పుడు ఏ చోటా ఫోన్ లేదు. ఒక గోడకు మేకులు మిగిలాయి, అంతే.

చివరికి వరాఛాలో దొరికింది. ఒక సందులో గాఠియా అనే శనగపిండి జంతికలు వేయించి అమ్మే చిన్న దుకాణం. దాన్ని నడిపే పెద్దామెను అందరూ బా, అంటే అమ్మ, అంటారు. ఎర్ర డబ్బా ఫోన్ కౌంటరు మీదే ఉంది. చుట్టుపక్కల వజ్రాలు సానపెట్టే కార్ఖానాల్లో కొన్నిచోట్ల మొబైల్ లోపలికి రానివ్వరట. ఆ పనివాళ్ళు మధ్యాహ్నం బయటికొచ్చి దీని మీద మాట్లాడతారు. అందుకే లైను తీయించలేదు. నేను గుజరాతీలో అంతా వివరించాను. వచ్చే ఆదివారం నాలుగింటికి ఫోన్ వస్తుంది, మేమే ఎత్తుతాం అన్నాను. బా మాస్కు కిందికి లాగి నా మొహం పరీక్షగా చూసి, "పెళ్ళి విషయమా?" అని అడిగింది. కాదంటే నమ్మలేదు. అయినా సరేనంది.

తీరా ఆ ఆదివారం నాలుగింటికే కాలేజీవాళ్ళు ఆన్‌లైన్ పరీక్ష పెట్టారు. నేను ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే బాపు, "నేను పోత గదా" అన్నాడు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ఆమె 'ఎక్స్ఛేంజి, మీకెవరు కావాలి' అంటుంది. సూరత్ నది పేరుతో 'తాపీ ఒడ్డు కావాలి' అని హిందీలో చెప్పాలి. ఆమె ఒక నంబరు చెబుతుంది, రాసుకోవాలి. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని బయలుదేరాడు. "గీ వేషమేంది?" అని అమ్మ నవ్వింది.

ఆరింటికి తిరిగి వచ్చాడు.

"మాట్లాడినవా బాపూ?"

"మాట్లాడిన."

"కాగితంల ఉన్నది చెప్పినవా? నంబరేది?"

"చెప్పినట్టే బిడ్డా," అని నా మొహం చూడకుండా స్నానానికి వెళ్ళిపోయాడు.

ప్రతి ఊరి ఫోన్‌కాల్‌నీ రికార్డు చేసి గ్రూపులో పెట్టడం ఆ ఆటలో పద్ధతి. ఆ రాత్రి భోజనాలకు ముందు సూరత్ రికార్డింగు వచ్చింది. లోపలి గదిలో కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

ముందు బాపు అరుపు, "హలో!" తర్వాత ఆమె గొంతు, హిందీలో, పాతకాలపు రేడియోలో లాగా: "ఎక్స్ఛేంజి. మీకెవరు కావాలి?" కాగితం చప్పుడు. ఎవరో బాను పావుకిలో గాఠియా అడుగుతున్నారు. బాపు కాగితం చదవలేదు. "ఎవరినైనా కలుపుతారా?" అని అడిగాడు. "ఎవరినైనా," అంది ఆమె. అప్పుడు బాపు ఒక మనిషి పేరు చెప్పాడు. రెండు మాటలు హిందీలో అన్నాక తనకే తెలియకుండా తెలుగులోకి వచ్చేశాడు.

"నా దోస్తు అమ్మా. ఇరవై ఏండ్లు పక్కపక్క సాంచాల మీద నిలబడ్డం. లాక్‌డౌన్ల రైలెక్కిండు. నువ్వు గూడ రా అన్నడు. నేను రానన్న. ఇద్దరికి మాట మాట పెరిగింది. పోతే పో, మల్ల నీ మొఖం సూపియ్యకు అన్న. కోపంల అన్న. గప్పటిసంది ఆని నంబరు కలుస్తలేదు. ఊర్ల అడిగితే మల్ల గుజరాత్ దిక్కే పోయిండన్నరు. ఎడమచేతి చిటికెన ఏలు సగమే ఉంటది, సాంచాల పడ్డది. చాయ్‌ల బెల్లం ఏసుకొని తాగుతడు. గాన్ని జర కలుపుతవా?"

తర్వాత ఆమె నెమ్మదిగా, "మీ భాష నాకు రాదు. కానీ రాసుకుంటున్నాను. మళ్ళీ చెప్పండి," అంది. బాపు మళ్ళీ చెప్పాడు. చదువు రానివాళ్ళ ఉత్తరం ఎవరైనా రాసిపెడుతుంటే చెప్పినట్టు, ఒక్కో మాటా ఆపి ఆపి.

ఆ మనిషిని నేను కాక అని పిలిచేదాన్ని. చుట్టరికం లేదు, చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ లాక్‌డౌన్‌కు కాస్త ముందే అమ్మకు ఆపరేషన్ అయింది, అందుకే మేం ఊరికి పోలేదు. కాక ఎక్కడో పనిలో పడ్డాడనీ, తీరిక దొరికితే ఫోన్ చేస్తాడనీ బాపు మాతో అనేవాడు. గొడవ సంగతి అమ్మకు కూడా తెలియదు. నేను ఇయర్‌ఫోన్స్ తీసి ముందు గదిలోకి వచ్చాను. బాపు అన్నం తింటున్నాడు. పెరుగు గిన్నె ఆయన ముందుకు జరిపాను.

గ్రూపులో మాత్రం పండగే పండగ. తెలియని భాషలో రహస్య సందేశం అనుకున్నారు. హైదరాబాద్ నుంచి ఆడుతున్న ఎవరో అక్షరం పోకుండా హిందీలోకి మార్చి పెట్టారు. 'సగం చిటికెన వేలు మనిషి' సూరత్ పొడుపుకథ అయిపోయాడు. నేను రాశాను: ఇది కథ కాదు, ఆయన మా నాన్న, నిజంగానే స్నేహితుణ్ణి వెతుకుతున్నాడు. చప్పట్ల బొమ్మలు వచ్చాయి. భలే ఆడుతున్నావన్నారు. ఆటలో అందరూ 'ఇది నిజం' అనే అంటారు, నా మాట ఎవరు నమ్ముతారు?

చివరికి ఆట నడిపేవాళ్ళకు విడిగా రాశాను. ఆపరేటరమ్మే ఫోన్ చేసింది. అసలు గొంతు లేతగా ఉంది, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. చాలా నొచ్చుకుంది. రికార్డింగు తీసేస్తాను, వెతకడం ఆపమని అందరికీ చెబుతాను అంది.

ఒక్క క్షణం ఆలోచించాను. బాపు ఆ మాటల్ని నాతో చెప్పలేదు, అమ్మతో చెప్పలేదు. తెలియని మనిషితో రెండుసార్లు చెప్పాడు. "ఆపకండి. వెతకనివ్వండి," అన్నాను.

"అయితే ఇది నిజమని మాత్రం అందరికీ చెబుతాను," అంది. చెప్పింది కూడా. కొందరు నమ్మారు, కొందరు అదీ ఆటలో భాగమే అనుకున్నారు. వెతకడం మాత్రం ఎవరూ ఆపలేదు. సూరత్ చుట్టుపక్కల మగ్గాల కార్ఖానాలు ఎక్కడెక్కడున్నాయో పంచుకున్నారు. చాయ్ బండ్లవాళ్ళను అడిగారు. పచారీ కొట్లలో ఎవరు ఎక్కువ బెల్లం కొంటున్నారని కూడా అడిగిన మహానుభావులున్నారు.

మూడో వారంలో సూరత్ దగ్గరి కిమ్ అనే ఊరి నుంచి కబురొచ్చింది. అక్కడ మందుల దుకాణం నడిపే ఒకాయన మా ఆటలో ఉన్నాడు. నడుం నొప్పికి మందు కొనడానికొచ్చిన మనిషి చెయ్యి చాపితే చిటికెన వేలు సగమే ఉంది. ఈయన ఊరుకోలేక, "చాయ్‌లో బెల్లం వేసుకుంటారా?" అని అడిగాడట. ఆ మనిషి పోలీసులేమో అనుకుని మందు వదిలేసి వెళ్ళిపోబోయాడు. వెంటపడి బాపు పేరు చెప్పాక ఆగాడు. దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాడట. "నేను నటుడనుకున్నాను, నిజం మనిషి!" అని ఆ మందుల షాపాయన నాకు ఫోన్ చేసి చెప్పాడు.

కాక ఫోన్ రైల్లో పోయిందట. నంబర్లన్నీ దాంట్లోనే. నెలల తర్వాత ఒక కాంట్రాక్టరు వెంట నేరుగా కిమ్‌కు వచ్చి అక్కడి మిల్లులో చేరాడు. ఒకసారి మా పాత గదికి వచ్చి చూశాడు. మేం అప్పటికే అమ్రోలికి మారిపోయాం, బాపూ వేరే కార్ఖానాలో చేరాడు. ఎక్కడికి పోయామో చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

తర్వాతి ఆదివారం నాలుగింటికి బా దుకాణానికి మళ్ళీ వెళ్ళాం. బాపుకు అసలు సంగతి చెప్పలేదు, ఆపరేటరమ్మ నిన్నే అడుగుతోందని మాత్రం చెప్పాను. ఫోన్ మోగింది. నేను చెవి దగ్గరగా పెట్టి నిలబడ్డాను.

"ఎక్స్ఛేంజి. మీరడిగిన మనిషి లైన్లో ఉన్నారు. మాట్లాడండి."

"ఎవలూ? గట్టిగ మాట్లాడున్రి!" అని అరిచాడు బాపు. అవతలి నుంచి అంతకంటే పెద్ద అరుపు. బాపు చెయ్యి కౌంటరు అంచును పట్టుకుంది.

"నీయవ్వ, యాడ సచ్చినవ్ రా?"

తర్వాత ఇద్దరూ సాంచాల నడుమ నిలబడ్డట్టే అరుచుకున్నారు. ఎన్ని సాంచాలు నడుపుతున్నవ్, పగటి పాళీయా రాత్రి పాళీయా, వంట ఎవలు చేస్తున్నరు, నడుం నొప్పి ఎప్పటిసంది. సందులో పోతున్నవాళ్ళు ఆగి చూశారు. బా వాళ్ళను పొమ్మని చేత్తో సైగ చేసింది. చివర్లో బాపు గొంతు తగ్గించి, "గా మాట మనసుల పెట్టుకోకు రా," అన్నాడు. కాక ఏమన్నాడో నాకు వినపడలేదు.

తిరిగి వస్తుంటే స్కూటర్ మీద బాపే చెప్పాడు. "'ఏ మాట?' అన్నడు బిడ్డా. యాదికి లేదో, లేనట్టు చేసిండో."

మరుసటి వారం కాక మా ఇంటికొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. అమ్మ తలుపు దగ్గరే నిలబెట్టి చేతుల మీద సానిటైజర్ పోసి, తర్వాత ఏడ్చింది. రెండు పూటలూ తిని వెళ్ళాడు.

ఆ వెంటనే రెండో వేవ్ వచ్చింది. ఆట అర్ధాంతరంగా ఆగిపోయింది. ఆపరేటరమ్మ కుర్చీలోంచి లేచిందో లేదో మాకెవరికీ తెలియదు. అదే గ్రూపులో ఫోన్ల కోసం, బెల్లం కోసం వెతికినవాళ్ళు ఇప్పుడు పడకల కోసం, సిలిండర్ల కోసం వెతకసాగారు. అప్పటికి వెతకడం మా అందరికీ చేతనయింది. నేనూ రోజూ ఫోన్లు చేశాను. కొన్ని దొరికాయి, కొన్ని దొరకలేదు.

చాలా నెలల తర్వాత ఆమెకు కృతజ్ఞతలు చెబుతూ రాశాను. 'ఎన్నో ఊళ్ళకు ఫోన్ చేసి ఎవరు కావాలని అడిగాను, అందరూ సరైన జవాబే చెప్పారు, మీ నాన్న ఒక్కరే మనిషిని అడిగారు' అని జవాబిచ్చింది. ఆమె మొహం నేను చూడలేదు. బాపు మాటల్ని అక్షరం పోకుండా మార్చిపెట్టిన ఆ హైదరాబాద్ మనిషి ఆడో మగో కూడా తెలియదు. కిమ్ వెళ్ళినప్పుడు మాత్రం మందుల షాపాయనను కలిశాను. అమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా ఇస్తే, అమ్మడానికి వచ్చాననుకుని మొదట డబ్బులు తీయబోయి, నేనెవరో చెప్పాక కౌంటరు దాటి బయటికి వచ్చాడు.