భాస్కరం షెడ్డులో ఆ చార్జింగ్ డాక్

షెడ్డుకి ఎర్తింగ్ వేయిస్తానని, తీసేసిన ట్రిప్పర్ మళ్లీ పెట్టిస్తానని చెరువు పనులు చూసుకునే భాస్కరం బావమరిది నాకు మాటిచ్చి పదకొండేళ్లయింది. చెరువు గట్టు మీద మోటారు తీగ తగిలి ఒక కుక్క చచ్చిపోయిన రోజు అది. "రేపే చేయించేస్తానండీ" అన్నాడు.

నిన్న ఉదయం పదకొండింటికి ఆకివీడు నుంచి ఫోన్.

"భాస్కరం గారు పోయారండీ."

నేను ఎలా అని అడగలేదు. ఎక్కడ అని అడిగాను.

"రొయ్యల చెరువు దగ్గర షెడ్డులోనండీ."

ఏలూరులో బస్సెక్కాను.

భాస్కరం నాకు హైస్కూల్ నుంచి స్నేహితుడు. నేను కరెంటు పని చేసి రిటైరయ్యాను, వాడు రొయ్యల చెరువు మీదే ఉండిపోయాడు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి కుడిచేతి వేళ్లు మొద్దుబారాయి. ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమంది. వాడు వారం నొక్కి విసిరేశాడు. వీడియో గేమ్ సెట్ కొనుక్కొచ్చి షెడ్డులో టీవీకి పెట్టించాడు.

డెబ్బై ఏళ్ల మనిషి ఫుట్‌బాల్ గేమ్ ఆడటం నేర్చుకున్నాడు. మూడు నెలల్లో చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు.

నాకూ నేర్పాడు. నేను ఓడితే "ఒరేయ్, నువ్వు చదివిన పుస్తకాల్లో గోల్ ఎలా కొట్టాలో రాయలేదేంట్రా" అనేవాడు.

షెడ్డులో మేత బస్తాలుంటాయి కాబట్టి ఎలుకలుంటాయి. చేత్తో పట్టుకుని గేమ్ ఆడే కంట్రోలర్ల చార్జింగ్ వైర్లు ఎన్ని కొన్నా కొరికేసేవి. అందుకే డాక్ కావాలన్నాడు. నాలుగు కంట్రోలర్లూ నిలబెట్టి చార్జింగ్ చేసుకునే స్టాండు.

నేను పది రోజులు ఆన్‌లైన్‌లో చదివాను. రివ్యూలు, స్పెసిఫికేషన్లు అన్నీ. కొల్లేటి గాలి తేమకి మెటల్ పనికిరాదు, ప్లాస్టిక్ బాడీ ఉండాలన్నాను. బ్యాటరీ నిండగానే కట్ అవ్వాలన్నాను. అన్నిటికన్నా ముఖ్యం అడాప్టర్. దాని మీద కంపెనీ పేరు, ఐఎస్ఐ మార్కు ఉండాలన్నాను.

"నా పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదురా" అని నవ్వాడు.

కాగితం మీద మోడల్ పేరు రాసిచ్చాను.

బావమరిది తెచ్చింది అది కాదు. ముందు రెండు స్టీలు పలకలు, కింద నీలం లైట్లు. అడాప్టర్ మీద పేరు లేదు, ఊరు లేదు.

"మీరు చెప్పింది దొరకలేదండీ. ఇదైతే చూడ్డానికి కూడా బావుందండీ" అన్నాడు.

నేను అడాప్టర్ చేత్తో పట్టుకుని చూశాను. బెండు ముక్కంత తేలిగ్గా ఉంది, మెయిన్ కరెంటుని ఆపే సరుకేమీ లోపల లేనట్టే. వద్దన్నాను.

"పెద్దాయనకి ప్రతిదీ భయమేనండీ" అని అందరి ముందూ అన్నాడు. అందరూ నవ్వారు. భాస్కరం కూడా నవ్వాడు.

ఇక ఆ షెడ్డు గడప తొక్కనని చెప్పి వచ్చేశాను.

చెరువుల గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. మనిషికి షాక్ తగిలితే రెప్పపాటులో కరెంటు ఆపేది ట్రిప్పర్. కానీ తేమకి అది ఊరికే పడిపోతుంది. అది పడితే చెరువు నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగుతాయి. ఏరేటర్లు ఆగితే గాలందక రొయ్యలు పైకి తేలతాయి. అందుకే ట్రిప్పర్ పీకేసి తీగ డైరెక్ట్‌గా కలిపేస్తారు. రొయ్యకి ఊపిరాడాలని మనిషికున్న అడ్డు తీసేస్తారు. మా వైపు ఇది తప్పని కూడా ఎవరూ అనుకోరు.

పోయిన గురువారం భాస్కరం ఫోన్ చేశాడు. "డాక్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందిరా. మొద్దు చేతికి స్పర్శ వస్తోందేమో."

వాడి గొంతులో సంతోషం.

"స్పర్శ కాదురా, కరెంటు. ప్లగ్ పీకెయ్."

"మా బావమరిది చెమట చేతులంటున్నాడు. ఆదివారం నువ్వొచ్చి పీకు. ఒక మ్యాచ్ కూడా ఆడదాం."

ఆదివారం నేను వెళ్లలేదు. ముందు బావమరిది నన్ను పిలవాలనుకున్నాను. ఇది దాచను.

నిన్న పొద్దున ఒకటే ముసురు. భాస్కరం గట్టు మీద ఏరేటర్లు చూసుకుని, తడి కాళ్లతో షెడ్డులోకి వచ్చి, టీవీలో గేమ్ పెట్టి, డాక్ మీంచి కంట్రోలర్ తీయబోయాడు. చూసిన మనిషి పేరు రాయను, అతని పని పోతుంది. ముందు చేత్తో లాగబోతే అతనికీ కొట్టిందట. తర్వాత ఎండు వెదురు కర్రతో తోశాడట. టీవీలో జనం అరుస్తూనే ఉన్నారట.

సాయంత్రం స్నానం చేయించేటప్పుడు కుడి అరచెయ్యి నేను తెరిచి చూశాను. ఆ రెండు స్టీలు పలకలు తగిలినచోట అడ్డంగా రెండు నల్లటి గీతలు.

బావమరిదిని పిలిచి చూపించాను.

"ఇప్పుడెందుకండీ అయ్యన్నీ" అన్నాడు. ఇంటికెళ్లి గుండెపోటు అని పోస్ట్ పెట్టాడు. కింద అందరూ దండాలు పెడుతున్నారు.

అది గుండెపోటు కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇందాకే కనుక్కున్నాను. ఆ డాక్ ఇంకా అక్కడే ఉంది, నీలం లైట్లు వెలుగుతూ. ప్లగ్ ఎవరూ పీకలేదు. తీగ డైరెక్ట్‌గానే ఉంది. ఇద్దరు పనివాళ్లు అదే షెడ్డులో ఉన్నారు. బాబూ, దాని జోలికి పోకండి. ముందు మెయిన్ ఆపండి. రొయ్యలు పోతే పోనీ.

భాస్కరం, ఇక సెలవురా. నీ చేతికి మొద్దూ లేదు, మంటా లేదు. చల్లగా పడుకో.

ఆదివారం రానందుకు నా తప్పు నాకుంది, దాన్ని నేను మోస్తాను. కానీ నీ చావు పాపం మాత్రం నీ బావమరిది నాగేశ్వర్రావుది.