ముక్కు మేస్త్రి, రొట్టెల బండి

“నీ ముక్కు పనిచేస్తోందా, లేదా?”

మేస్త్రిని వదిన ఈ మాట అడిగినప్పుడు ఆయన ఆమె పికప్ బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బయటికి కనిపిస్తున్నవి ఆయన కాళ్ళు. అవి అప్పటిదాకా ఏదో పాటకు తాళం వేస్తున్నట్టు కదులుతున్నాయి. ప్రశ్న వినగానే ఆగిపోయాయి.

ఆయన్ని ఆ వీధిలో ముక్కు మేస్త్రి అంటారు. ఎగతాళికి పెట్టిన పేరు కాదు. పెట్రోలు ట్యాంకు మూత తిప్పగానే అందులో కిరసనాయిలు కలిసిందో లేదో చెప్పేవాడు. బండి గేటు దాటి లోపలికి వస్తుండగానే లీకు గొట్టంలోనా, మూత దగ్గరా, ట్యాంకులోనా అని పందెం కాసేవాడు, చాలావరకు గెలిచేవాడు. పెట్రోలు ట్యాంకు చిల్లికి మాటు వేయమంటే మిగతా మెకానిక్కులు చేతులెత్తేస్తారు. ఖాళీ చేసిన ట్యాంకులో ఆవిరి మిగులుతుంది, దానికి నిప్పు తగిలితే ట్యాంకు బాంబే. మేస్త్రి ట్యాంకు మూతి దగ్గర ముక్కు పెట్టి, లోపల ఏమీ లేదని తేల్చుకున్నాకే నిప్పు ముట్టించేవాడు. షెడ్డు అద్దె, ఇంటి ఖర్చు ఈ ఒక్క పని మీదే నడిచేవి.

ఆమధ్య ఒక జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాత్రం మేస్త్రీ చెప్పగలడు. భార్యకు సంగతి ఎలా తెలిసిందంటే, పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆమె గిన్నె దించి, కిటికీ తెరిచి, మొగుడి మొహంలోకి చూసింది. ఆయన పేపరు తిప్పాడు. తర్వాత ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. ఆమె చెప్పలేదు.

శ్రమ పవిత్రమైనదని రాసేవాళ్ళు బండి కింద పడుకుని రాయరు. పవిత్రత సంగతెలా ఉన్నా, వాసన తెలియని మేస్త్రికి పెట్రోలు పని ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఈ సంగతి ఆయనకు అందరికంటే బాగా తెలుసు. తెలిసీ మానలేదు. గుట్టుగా ఒక ఏర్పాటు చేసుకున్నాడు. ట్యాంకు విప్పడం, కడగడం ఉదయం కానిచ్చి, నిప్పు పని మాత్రం భార్య భోజనం డబ్బా తెచ్చే వేళకు పెట్టుకునేవాడు. ఆమె లోపలికి వచ్చి డబ్బా బల్ల మీద పెట్టిందంటే వాసన లేనట్టు. గుమ్మం దగ్గరే ఆగి, “ఇక్కడికి వచ్చి తినండి” అందంటే ఉన్నట్టు. ఇక లీకు పట్టుకోవడానికి మొహానికి రాసుకునే పౌడరు వాడేవాడు. ట్యాంకును పొడిగా తుడిచి పౌడరు చల్లితే, పెట్రోలు చెమర్చిన చోట తెలుపు పోయి తడి మచ్చ పడుతుంది. ట్యాంకును ఫోటోకు తయారుచేస్తున్నావా అని పక్క షెడ్ల వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనా వాళ్ళతోపాటు నవ్వేసేవాడు.

వదిన బండితో వచ్చిన ఉదయం కూడా పౌడరు డబ్బా తీశాడు. అన్న నడుం పట్టేసి మంచమెక్కినప్పటి నుంచి పికప్ ఆమే నడుపుతోంది. బేకరీ నుంచి దుకాణాలకు రొట్టెలు వేస్తుంది. వెనక అంతా మూసిన రేకుల గూడు. కింద ట్యాంకు కారితే ఆవిరి ఆ గూట్లోకి ఎక్కుతుంది, రొట్టెలు దాన్ని పీల్చుకుంటాయి. ముందురోజే కొన్ని దుకాణాలు సరుకు తిప్పి పంపాయి. ఇంకొక్కసారి వెనక్కి వస్తే వేరే బండి పెట్టుకుంటానని బేకరీ మేనేజరు చెప్పేశాడు. మళ్ళీ లోడు మర్నాడు పొద్దున్నే. కొత్త ట్యాంకు తెప్పించాలంటే వారం పడుతుంది.

“నాకైతే మొదట్లో వచ్చేది వాసన, ఇప్పుడు అలవాటైపోయింది,” అంది వదిన తాళం చెవి ఇస్తూ. “మీ అన్న మాత్రం నేను ఇంట్లో కాలు పెట్టగానే ముక్కు మూసుకుంటాడు. ఆయన చేసే పని అదొక్కటేగా.”

మేస్త్రి అన్న మీద విసురుకు నవ్వాడు. ఆ ముందు మాటను పట్టించుకోలేదు.

ట్యాంకు నిండుగా ఉంది. తుడిచి, పౌడరు చల్లి, చూస్తూ పడుకున్నాడు. ఎంతసేపు చూసినా పౌడరు తెల్లగానే ఉంది. ట్యాంకు బాగానే ఉందనీ, మూత వదులై ఉంటుందనీ, అది మారిస్తే సరిపోతుందనీ చెప్పాడు. వదినకు నమ్మకం కుదరలేదు. వంగి, ఒక తడి గుడ్డ ఆయన మొహం దగ్గర పెట్టింది.

“ఇదేం వాసనో చెప్పు.”

“పెట్రోలే. ఇంత ఘాటుగా కొడుతుంటే అడుగుతావేం వదినా?”

“సీటు తుడిచిన ఫినాయిలు, నాయనా.”

ఆ తర్వాతే ఆ ప్రశ్న అడిగింది.

మేస్త్రి బండి కింది నుంచి రాకుండానే చెప్పాడు. జ్వరం, పాలు, భోజనం డబ్బా, అన్నీ చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ ఆయన మనసులో మెదులుతున్నది ఒకటే. వదిన నోట్లో మాట దాగదు. సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. రేపటి నుంచి ఈ షెడ్డుకు వచ్చేవి పంక్చర్లే.

వదిన టైరుకు ఆనుకుని కూర్చుంది. మరిదిని తిట్టడానికి ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదు. అయినా తిట్టలేదు.

“సరే, నాదీ ఒకటుంది. ఆ ట్యాంకుకు సబ్బు రాశాను.”

బేకరీ గేటు దగ్గర కాపలావాడు టార్చి వేసి బండ్ల కింద చూస్తాడట. తడి మచ్చ వాడి కంటపడకుండా ఆమె ఒంటి సబ్బు మెత్తగా చేసి ట్యాంకు అతుకులోకి కూరి, పైన నల్ల రంగు పూసింది. పెట్రోలుకు సబ్బు కరగదని ఎవరో డ్రైవరు చెప్పాడు. చెప్పింది నిజమే. కానీ రోడ్డు మీద అదురుకు ఆ సబ్బు నెర్రెలు విచ్చుకుంటుంది. బండి నిలబడితే లీకు ఆగుతుంది, పరిగెత్తితే కారుతుంది. నిలబడిన బండి మీద పౌడరు చల్లి మేస్త్రి చూసింది వదిన సబ్బు పనితనం.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, నీకు చెబితే మీ అన్నకు చెబుతావు, ఆడదాని చేతికి బండి ఇస్తే ఇంతేనని ఆయన మొదలుపెడతాడు అంది. అది కూడా నిజమే.

ఇద్దరి గుట్లూ బయటపడ్డాక పని చురుగ్గా సాగింది. పెట్రోలు డబ్బాల్లోకి దించి దూరంగా పెట్టారు. ట్యాంకును పట్టి ఉంచే ఇనప పట్టీ విప్పితే దాని కింద నానిన గుడ్డ మెత్త, మెత్త వెనక తుప్పు. రంగు గీకగానే అతుకు వెంట సూదిమొన లాంటి చిల్లులు కనిపించాయి. ట్యాంకును వేడినీళ్ళతో, బట్టల పౌడరుతో కడిగి, చిల్లులు పైకి వచ్చేలా ఏటవాలుగా పెట్టి, అంచుదాకా నీళ్ళు నింపాడు. నీళ్ళు నిండిన చోట ఆవిరికి జాగా ఉండదు. మంట ట్యాంకు దగ్గరికే రాకూడదని, సోల్డరింగ్ కడ్డీ కాల్చే బొగ్గుల కుంపటిని షెడ్డు వెనక గోడ దగ్గర, కాలువ పక్కన పెట్టాడు. అంతకంటే దూరం ఆ షెడ్డులో లేదు.

భోజనం వేళ దాకా ఆగుదామన్నాడు. వదినకు లోడు గుర్తొచ్చింది.

“మీ ఆవిడ ముక్కే ముక్కా? నాది కాదా?” అని ట్యాంకు మీదికి వంగి గట్టిగా పీల్చింది. ఏమీ లేదంది. అటూ ఇటూ తిరిగి ఇంకోసారి పీల్చి, నీళ్ళ వాసన తప్ప మరేమీ లేదని ఖాయం చేసింది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకు భార్య కోసం గుమ్మం వైపు చూడకుండా నిప్పు పని మొదలుపెట్టబోతున్నాడు.

కుంపటి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. బొగ్గుల కింద కాగితం దోపాడు. అగ్గిపెట్టె తీసి, పుల్ల పెట్టె అంచుకు ఆనించాడు.

“అది గీయకండి.”

భార్య గొంతు. గట్టిగా అనలేదు, కానీ మేస్త్రి చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ పూట కాస్త ముందే వచ్చి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది, డబ్బా చేతిలోనే ఉంది. వదిన, ఏమీ లేదమ్మాయ్, నేను చూశాగా అంది. భార్య డబ్బా కింద పెట్టి, కొంగు నడుముకు దోపి, మెల్లగా లోపలికి నడిచింది. ట్యాంకు దగ్గర ఆగింది, దాన్ని దాటేసింది. నేల వైపు వంగుతూ, ఆగుతూ, తిన్నగా కుంపటి దగ్గరికి వచ్చింది.

“ఇక్కడే. మీ కాళ్ళ కింద.”

మేస్త్రి కిందికి చూశాడు. ట్యాంకు నుంచి పొంగిన నీళ్ళు సన్నగా పారి, కుంపటి కాళ్ళ చుట్టూ చేరి కాలువలోకి దిగుతున్నాయి. ఆ నీళ్ళ మీద రంగురంగుల పొర కదులుతోంది. ట్యాంకులో లోపల అడ్డురేకుల సందుల్లో మిగిలిన పెట్రోలు నీళ్ళ మీద తేలి పైకి వచ్చింది, పొంగి బయటపడింది, నేల వాలు వెంట నడిచి వచ్చింది. ఆయన దూరం చూసుకున్నాడే గానీ వాలు చూసుకోలేదు. కళ్ళున్నవాడికి కనిపించాల్సిందే అది. ముక్కు ఉన్న మనిషి ఒకరు లేదన్నారు కదా అని కళ్ళు కూడా మూసుకున్నాడు.

“అక్కా, నీ బట్టలే పెట్రోలు కంపు కొడుతున్నాయి,” అంది భార్య. “నీకెలా తెలుస్తుంది?”

వదిన పైట కొసను ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. ఆమెకు ఏ వాసనా రాలేదు. మొదట్లో వచ్చేది, ఇప్పుడు అలవాటైపోయింది అని పొద్దున తనే చెప్పింది.

మేస్త్రి అగ్గిపెట్టెను వీధిలోకి తీసుకెళ్ళి గోడ మీద పెట్టి వచ్చాడు. ముగ్గురూ కలిసి నేల మీద ఇసుక పోశారు, ఎత్తారు, మళ్ళీ పోశారు. ట్యాంకును ఆరుబయట గాలికి పెట్టి మళ్ళీ మళ్ళీ వేడినీళ్ళతో కడిగారు. కడిగిన ప్రతిసారీ భార్య వాసన చూసి తల అడ్డంగా ఊపింది. వదిన నీళ్ళు మోసింది.

పొద్దు వాలుతుండగా భార్య, ఇక ముట్టించండి అంది. కుంపటి ఈసారి వీధి అవతల, ఎగువన ఉంది. రాగి మొన బాగా కాగిన కడ్డీని మేస్త్రి పిడి పట్టుకుని వీధి దాటించాడు. ట్యాంకు దగ్గర ఆగి భార్య వైపు చూశాడు. వెనక్కి వెళ్ళి నిలబడమన్నాడు. నేను వెనక్కి వెళితే మీకు చెప్పేదెవరు అని ఆమె కదల్లేదు. మొన అతుకు మీద పెట్టిన తగరాన్ని తాకింది. చుయ్ మంది. వదిన కళ్ళు మూసుకుంది. తగరం కరిగి వెండిలా పాకి చిల్లుల్లోకి దిగింది. ఇంకేమీ జరగలేదు.

ట్యాంకు బిగించి, నిండా పెట్రోలు పోసి, ఈసారి బండిని గతుకుల రోడ్డు మీద తిప్పుకొచ్చాక పౌడరు చల్లారు. తెల్లగానే ఉంది. మర్నాడు రొట్టెలు ఒక్కటీ తిరిగి రాలేదు.

మేస్త్రి భయపడినట్టే వదిన వీధంతా చెప్పింది. తన సబ్బు సంగతి తప్ప అన్నీ చెప్పింది. కొందరు బండ్లు వేరే షెడ్డుకు తోలుకుపోయారు, తప్పు పట్టలేం. మేస్త్రి కొన్నాళ్ళు వదినతో మాట్లాడలేదు. కానీ దాచాల్సింది ఏమీ లేకుండా పోయాక భార్య గుమ్మం దగ్గర బాహాటంగా స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమె సరే అనందే నిప్పు ముట్టదని తెలిశాక, వెళ్ళిన బండ్లలో కొన్ని తిరిగొచ్చాయి. దీన్ని భర్త కోసం త్యాగమని మెచ్చుకోబోయిన ఒక పెద్దమనిషికి ఆమె తన రేటు చెప్పింది. ట్యాంకు పని మజూరీలో మూడో వంతు ఆమెది, పని అయిన రోజే చేతిలో పెట్టాలి.

పేచీ అంతా ఆ మొదటి రోజు గురించే. వదిన బండికి ఇంటి మనిషని మజూరీ తీసుకోలేదు, లేనిదాంట్లో వాటా ఎక్కడిదంటాడు మేస్త్రి. తీసుకోకపోవడం మీ మంచితనం, నా కూలి నాకు పడాలి అంటుంది ఆమె. ఆ కూలి ఆయన ఇంకా ఇవ్వలేదు.