ఆపవద్దన్న తెర ముందు సంసోను

ఇల్లందు బొగ్గు బాయిలో పంపు నడిపే సంసోనుకు యాభై దాటేసరికి మోకాళ్ళు మొరాయించాయి. షిఫ్టు అయ్యాక మెట్లెక్కి పైకి రావడమే గండం. సగం దూరంలో ఆగి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటించేవాడు.

"అన్నా, గా లేసు నీ పెండ్లిల పెట్టిండ్రా? ఎన్నిసార్లు కడ్తవ్?" అనేవారు వెనక వస్తున్న కుర్రాళ్ళు.

రెండువేల ఎనిమిదిలో బాయిపైన ఆఫీసులో గుమాస్తా ఖాళీలు పడ్డాయి. కంప్యూటర్ మీద ఒక పేజీ టైపు చేసి చూపిస్తే పైన కుర్చీ, లేకుంటే మళ్ళీ ఆ మెట్లే. సంసోను ఇన్‌స్టిట్యూట్‌లో చేరి రెండు వేళ్ళతో టైపు నేర్చుకున్నాడు. భార్య ఫ్లోరెన్స్ చర్చిలో ప్రార్థన పెట్టించింది. పాస్టరుగారు మైకులో ఆయన మోకాళ్ళ సంగతి దేవుడికి వివరంగా విన్నవించేసరికి, బాయిలోనే దాగిన ముచ్చట ఊరంతా విన్నది.

పరీక్షనాడు అన్నీ కొత్త కంప్యూటర్లు. మీట వేయగానే అన్నింటి మీదా ఒకటే మాట: అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు. అది ఇంగ్లీషులో ఉంది. సంసోను ఇంగ్లీషులో తడుముకోకుండా చదవగలిగేవి బాయిలో వేలాడే హెచ్చరిక బోర్డులే. స్విచ్చు మీద ‘ముట్టవద్దు, లోపల మనుషులున్నారు’ అన్న బోర్డు ఉందంటే అవతల తీగ మీద ఎవరి చేయో ఉన్నట్టు. దాన్ని ఎవడో లెక్కచేయనందుకు కరెంటు పని చేసే పగిడయ్య మాడిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. అందుకని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పక్క కుర్చీలోని వీరేందర్ మీట నొక్కిపట్టి యంత్రాన్ని ఆర్పి, మళ్ళీ వేసి, టైపు మొదలుపెట్టాడు.

"సంసోనన్నా, నొక్కిపట్టు. సచ్చి బతుకుతది."

"ఆపొద్దని రాసున్నది గదరా."

"అది గట్లనే రాస్తది తియ్!"

తెర మీద లెక్క ముప్పై శాతం దగ్గర ఆగిపోయింది. గోడ గడియారం ఆగలేదు. పరీక్ష పెట్టే అరుణశ్రీ మేడం చూసి, ప్లగ్గు పీకమని ప్యూను హరిలాల్‌కు చెప్పింది. హరిలాల్ వంగాడో లేదో, సంసోను అతని మణికట్టు పట్టేసి గట్టిగా అరిచాడు.

"ముట్టకు! లోపట మనుషులున్నరు!"

గది పగలబడి నవ్వింది. హరిలాల్ డబ్బా వెనక్కి తొంగి చూసి, "బయటికి రాండ్రి! ఎంతమందున్నరు?" అని పిలిచాడు. మేడం మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అందరితో కలిసి నవ్వాలని సంసోను కూడా నోరు తెరిచాడు గానీ, నవ్వు రాలేదు. హరిలాల్ ప్లగ్గు పీకేసరికి పరీక్ష టైము అయిపోయింది.

"మేడం, ఇంకోపారి కూసుంట. మిషన్ది తప్పు, నాది గాదు."

"అందరికీ అదే వచ్చింది గదా. వాళ్ళెట్ల చేసిండ్రు?"

"నాకు టైపు వస్తది మేడం. చూడుండ్రి."

ఆరిపోయిన తెర ముందు, చచ్చిన మీటల మీద, రెండు వేళ్ళతో టకటకా కొట్టి చూపించాడు. ఒక్క తప్పు కూడా పోలేదనే ఆయన నమ్మకం. మేడం ఒక లైను దాకా ఓపిక పట్టింది.

"చాలు, లేవండి. ఇంకో బ్యాచి ఉన్నది."

సోమవారం మొదటి షిఫ్టుకు హాజరు కిటికీ వెనక కొత్త గుమాస్తా వీరేందర్ కూర్చున్నాడు.

"సంసోనన్నా, దిగుతున్నవా?"

"అవ్."

"జల్దీ జరుగన్నా, లైను ఆగింది."

సంసోను పక్కకు జరిగి, కుడి మోకాలు చేత్తో పట్టుకుని మొదటి మెట్టు దిగాడు.