కుద్రేముఖ కొండల్లో నాయన చూసిన ఊట

బెళుగుప్ప దగ్గర మా పొలంలో నాయన వేయించిన నాలుగు బోర్లూ ఎండిపోయాయి. వేరుశనగ పీకడం అయిపోగానే ఐదోది వేయిస్తానని ఆయన పట్టుబట్టాడు. తమ్ముడు వద్దన్నాడు. తండ్రీకొడుకుల మధ్య మాటలు ఆగిపోయాయి. బడికి పోని నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది నాయనే. ఆయనకు ఎదురు చెప్పలేక, మనసు మార్చమని దేవుడికే చెప్పుకున్నాను. ఒకరోజు మాటల్లో, పడమటి కనుమల్లో మబ్బులు నేలకు దిగే అడవి ఉందని, అక్కడ కొండలోంచి నీళ్లు వాటంతటవే వస్తాయని అన్నాను.

“బోరు లేకుండానా? చూపిచ్చు. చూసినాకనే బోరు బండికి చెప్తా” అన్నాడు.

సోమవారం ఉదయం ఆరింటికి ఉరవకొండలో బళ్లారి బస్సు ఎక్కాం. ఎనిమిదింటికి బళ్లారిలో ఇడ్లీ తిని, తొమ్మిదింటికి శివమొగ్గ బస్సు పట్టుకున్నాం. నేను ఆధార్ చూపిస్తే కండక్టర్ నవ్వి, ఆడవాళ్లకు ఉచితం ఈ రాష్ట్రం వాళ్లకేనని టికెట్ కొట్టాడు. మన వైపు నుంచి వెళ్లేవారు గుర్తుంచుకోండి. మధ్యాహ్నం వరిమళ్లు మొదలయ్యాక నాయన కిటికీ వదల్లేదు. పక్క సీటులో గుంతకల్లు ఆమె ఉల్లిపాయల సంచి కాళ్ల కింద పెట్టుకుని ఆయన్నే చూస్తోంది.

“ఏమప్పా, వరి ఎప్పుడూ చూల్లేదా?”

“వరి చూసినామ్మా. ఇన్ని నీళ్లే చూల్లేదు.”

ఆ రాత్రి శివమొగ్గలో బస్టాండు ఎదుటి లాడ్జిలో పడుకున్నాం. మంగళవారం ఏడింటి బస్సు పన్నెండుకు కళసలో దించింది. దగ్గరలోనే ఉన్న హొరనాడు అన్నపూర్ణమ్మ గుడిలో దర్శనం, కడుపునిండా భోజనం. తల్లికి చెప్పుకోవలసింది చెప్పుకున్నాను. అక్కడి నుంచి జీపులో, కుద్రేముఖ జాతీయ ఉద్యానవనం అంచున ఉన్న నాగేశ గౌడ ఇంటికి చేరాం. ఆయన తోటలో ఇద్దరు ముగ్గురు యాత్రికులకు గది ఇస్తాడు. నాయనకు కన్నడ బాగా వచ్చు కాబట్టి మాటలకు ఇబ్బంది లేదు.

బుధవారం ఏడింటికి అటవీశాఖ గేటు దగ్గర అనుమతి కాగితం చూపించి, గైడుతో కుద్రేముఖ శిఖరం వైపు నడక మొదలుపెట్టాం. చెట్ల కొమ్మలన్నీ నాచు కప్పుకుని ఉన్నాయి. వాన లేకపోయినా ఆకుల నుంచి చుక్కలు రాలుతున్నాయి. కాసేపటికి మబ్బు దిగింది. ముందు నడిచే గైడు వీపు తప్ప ఏమీ కనిపించలేదు. తొమ్మిదిన్నరకు ఆయన ఇక ముందుకు వద్దని వెనక్కి తిప్పాడు.

“మబ్బు చూపిచ్చినావు సరే. నీళ్లు యాడుండాయి?” అన్నాడు నాయన. మరునాడు ఉదయమే మా తిరుగు ప్రయాణం.

సాయంత్రం నాయన గౌడ పెరట్లో కూర్చున్నాడు. కొండ మీది నుంచి వచ్చే నల్ల పైపు ఒకటి రాతి తొట్టిలోకి ధారగా పోస్తోంది. దానికి కుళాయి లేదు. తొట్టి నిండి పోకతోటలోకి పారుతోంది.

“పొద్దన్నుంచి పోతానే ఉండాది. ఎవురూ కట్టేయరే” అని రెండుసార్లు అన్నాడు. నేనూ గౌడ ఇంటివాళ్లూ లోపల వంటింట్లో ఉండగా కొబ్బరి పీచు మెలిపెట్టి పైపు నోట్లో కుక్కేశాడు.

గురువారం తెల్లారేసరికి గౌడ ఇంటి పైపులో చుక్క నీళ్లు లేవు. పైపు నోట్లో పీచు చూసి గౌడ పెద్దగా నవ్వాడు. “నోరు మూస్తే పైన ఎక్కడో అతుకు ఊడుతుంది పెద్దాయనా.”

“తప్పయిపోయినాది గౌడా. మా పక్క నీళ్లు ఊరికే పోతే పాపం.”

“పాపం సంగతి తర్వాత. పైకి రండి, పైపు పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి.”

నేనూ వెంట వెళ్లాను. అరగంట ఎక్కుడు, పాదాల నిండా జలగలు. ఊడిన అతుకు బిగించాక గౌడ ఇంకాస్త పైకి, పైపు మొదలు దాకా తీసుకెళ్లాడు. గడ్డి కొండల మధ్య మడతలో చిక్కటి చెట్లు. వాటి వేళ్ల కింద, కుళ్లిన ఆకుల మెత్తలోంచి నీళ్లు చెమట పట్టినట్టు ఊరుతున్నాయి. నాయన మోకాళ్ల మీద కూర్చుని మోచేతి దాకా చెయ్యి పెట్టాడు.

“ఎన్ని అడుగులు తవ్వినారు?”

“తవ్వలేదు. ఈ చెట్ల జోలికి మా తాత పోలేదు, మేమూ పోలేదు. వాననూ మబ్బునూ ఇవే పట్టి దాచుకుంటాయి.”

నాయన చాలాసేపు చెయ్యి తీయలేదు. పొద్దుటి బస్సు పోయింది. పోనిమ్మన్నాను.

పదకొండింటి బస్సు ఎక్కాం. కొప్ప ఊరు దాటాక నాయన నా ఫోన్ అడిగి తమ్ముడికి చేశాడు.

“బోరు బండికి చెప్పొద్దులే రా. ఇన్నాళ్లూ నేను కిందికే చూసినా. పైనుంచి పడేదాన్ని నిలబెట్టుకోలేదు. మొన్న వానకు తెగిన గట్లు ముందు కట్టుకుందాం. చేను చుట్టూ ఉండే చెట్లు కొడతామని ఎవురన్నా వస్తే ఊ అనొద్దు.”

“నిజమేనా నాయనా?” తమ్ముడి గొంతు నాకూ వినిపించింది.

“అబద్ధం చెప్పేదానికి ఇంత దూరం నుంచి ఫోన్ చేస్తానా? పెట్టేయ్.”

వెళ్లదలచినవారు జలగలకు ఉప్పు, చలికి దుప్పటి తీసుకెళ్లండి. శిఖరం మాకు కనిపించలేదు, మీకు కనిపించాలని కోరుకుంటున్నాను. రాత్రి శివమొగ్గలో ఆగి, శుక్రవారం బళ్లారి బస్సు ఎక్కాం. చిత్రదుర్గం దాటాక ఎండిన నేల మొదలైంది. నాయన కిటికీలోంచి చేలను చూస్తూ, ఏ గట్టు ఎక్కడ తెగిందో నాకు చూపిస్తూ వచ్చాడు. నేను ఊ కొడుతూ, ఒళ్లో చేతులు జోడించుకునే ఉన్నాను.