ఇటలీలో నేను బీదవాణ్ణయిన వారం

ఒక ఊరు ఊరంతటినీ నేను కటిక బీదవాణ్ణని నమ్మించిన ఘనత నాది. ఇంకొకరికైతే ఏళ్ళు పట్టేది. నేను ఒక్క మధ్యాహ్నంలో సాధించాను, అదీ సొంత డబ్బుతో విమానమెక్కి వెళ్ళి మరీ. ఎంత అందంగా మునిగానో చెబుతాను, వినండి.

మాది తెనాలిలో బట్టల కొట్టు. బేరం ఆడాల్సింది నోటితో కాదు, కాళ్ళతోనని నాకు పలక పట్టకముందే తెలుసు. ధర నచ్చకపోతే లేచి నడవాలి. మెట్లు దిగేలోపు "రండి బాబూ, మీరన్నదే ఇవ్వండి" అని పిలుపు వస్తుంది. ఇంతటి విద్యా అమెరికాలో ఈ ట్రాయ్ ఊరికి వచ్చాక తుప్పు పట్టింది. ఇక్కడ పరుపుల షాపులో లేచి నడిస్తే, "హ్యావ్ ఎ గుడ్ వన్" అంటూ తలుపు కూడా తెరిచి పట్టుకుంటారు.

మూడేళ్ళ తర్వాత వారం రోజులు సెలవు దొరికింది. మా ఆవిడ సుజాత దక్షిణ ఇటలీలో సందడి లేని ఒక జాలరి పల్లె వెతికి, సముద్రం కనిపించే గది మాట్లాడి, ఒకే ఒక షరతు పెట్టింది.

"అక్కడ నా పరువు తీయకండి. బేరమంటూ నోరు తెరవొద్దు."

తెరవనని మాటిచ్చాను. కాళ్ళ ప్రస్తావన రాలేదు.

గది యజమానురాలు రోజా గారు డెబ్బై దాటిన మనిషి. "రోజుకి నూట ఇరవై యూరోలు" అంది. నా రక్తం మరిగింది. నోరు మెదపకుండా గుండె మీద చెయ్యి వేసుకుని, నిట్టూర్చి, ఖాళీ జేబు బయటికి లాగి చూపించి, సూట్‌కేసుతో రోడ్డెక్కాను.

"ఏమండీ, ఎక్కడికి?"

"వెనక్కి చూడకు. ఇప్పుడు పిలుస్తుంది."

"పిలవట్లేదు."

"మలుపు దాకా ఆగు."

పదేళ్ళ మా తార వెనక్కి చూసింది. "నాన్నా, షి ఈజ్ జస్ట్ స్టాండింగ్ దేర్. ఏడుస్తుంది అనుకుంటా."

"చూశావా, మెత్తబడింది!"

పిలుపు రాలేదు. ఊళ్ళో ఇంకో బస కూడా లేదు. చర్చి చుట్టూ తిరిగి, పెనం మీద అప్పడాల్లా మాడి వెనక్కొచ్చాం. రోజా గారు కళ్ళు తుడుచుకుంటూ తాళంచెవి నా చేతిలో పెట్టి, "సిక్స్‌టీ" అంది.

ఆ రాత్రి నేను మహారాజులా పడుకున్నాను.

తెల్లారేసరికి గుమ్మంలో రొట్టె, టమాటాలు. "ఎంత మర్యాదస్తులో!" అన్నాను. బేకరీ ఆయన డబ్బు తీసుకోలేదు. చేపలావిడ రెండు చేపలు ఊరికే ఇచ్చింది. మూడో రోజు ఎవరో తారకి పాత చెప్పుల జత తెచ్చారు. నాలుగో రోజు చర్చి ఫాదర్ నన్ను కౌగిలించుకుని వదల్లేదు.

ఇవన్నీ ఎందుకిస్తున్నారని తార ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ పెట్టి రోజా గారిని అడిగింది.

"అమ్మా, నాన్నకి జాబ్ రావాలని అందరూ ప్రే చేస్తున్నారంట. ఆ రోజు వెనక నుంచి పిలిస్తే నాన్న సిగ్గుపడతారని పిలవలేదంట."

సుజాత ముఖం చూడలేదు నేను. చూసే ధైర్యం మీకైనా ఉండదు.

"వెళ్ళండి. పూర్తి ధర ఇచ్చి రండి."

వెళ్ళాను. "నూట ఇరవై తీసుకోండి."

"అరవై."

"పోనీ నూట పది!"

"యాభై" అంది రోజా గారు, ఇంకా జాలిగా.

మా వంశంలో ధర పెంచమని బతిమాలిన మొదటివాణ్ణి నేనే. ఇంజనీరునని ఆఫీసు కార్డు చూపించాను. "పాపం, పోయిన ఉద్యోగం కార్డు ఇంకా దాచుకున్నాడు" అన్నట్టు తల నిమిరింది. చివరికి సుజాతే దారి చెప్పింది: ఊరందరికీ విందు పెట్టాలి, దగ్గరుండి వడ్డించాలి. మూడో గిన్నె చేపల పులుసు లోపలికి వెళ్ళాకగానీ నాకు ఉద్యోగం ఉందని ఊరు ఒప్పుకోలేదు. రోజా గారు పూర్తి డబ్బు తీసుకుని, నా చెవి మెలిపెట్టింది.

కనుక సాటి బేరగాళ్ళారా, సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ధర విన్నాక ఇక ఈ కాళ్ళు కదలవు.

ఇక లెక్క. ఏడు రోజుల గది, ఎనిమిది వందల నలభై యూరోలు. విందు, నాలుగు వందల పది. మొత్తం పన్నెండు వందల యాభై. బేరంలో మిగిలింది, సున్నా.