మామ చూసిన రాకెట్

ఆ రోజుల్లో దేన్నయినా కళ్లతో చూడటం కంటే తెరమీద చూడటమే గొప్పని నాకు గట్టి నమ్మకం. సూళ్లూరుపేట బజారులో ఒక సెల్‌ఫోన్ల షాపులో కొత్తగా పనికి కుదిరాను. స్క్రీన్ గార్డులు అంటించడం తప్ప ఇంకే పనీ చేతికివ్వలేదు గానీ, ఇంటికొచ్చేసరికి మాత్రం దేశంలోని టెక్నాలజీ అంతా నామీదే ఆధారపడినట్టు నడిచేవాణ్ణి. ఆ ఊపులోనే, టీవీ వెనక గుచ్చితే ఫోన్లో వీడియో టీవీలోకి ఎక్కే డాంగిల్ ఒకటి కొని తెచ్చాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "వేలెడంత లేదు, దీనికా ఇంత హడావిడి?" అంది. (ఆ సాయంత్రమే వంటల వీడియో టీవీలో వేసి చూపిస్తే ఇంకో మాట అనలేదు. ఆమె మీద నేను గెలిచింది ఆ ఒక్కసారే.)

సరిగ్గా అప్పుడే మామ వచ్చాడు. అమ్మకు సొంత అన్న, కావలి అవతల పల్లెలో వరి పండిస్తాడు. శ్రీహరికోట నుంచి రాకెట్ పోతుంటే కళ్లారా ఒక్కసారి చూడాలని ఆయనకు ఎన్నేళ్లుగానో కోరిక. మాకేమో అది కరెంటు పోయి వచ్చినంత మామూలు. డాబా ఎక్కి, చూసి, దిగి, ఎవరి పని వాళ్లు చేసుకుంటాం. ఆయనకు మాత్రం రాకెట్ ఉన్నప్పుడల్లా నాట్లో, కోతలో, కాలువ నీళ్ల వంతో అడ్డం పడేది. ఒకసారి తీరా బయల్దేరితే ప్రయోగమే వాయిదా పడింది. చివరికి ఆ ఏడు అన్నీ కలిసొచ్చి, ఊరందరికీ చెప్పి మరీ, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని రైలు దిగాడు.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. అమ్మా, ఇరుగుపొరుగు వాళ్లూ ముందే డాబా ఎక్కేశారు. మామ కూడా మెట్టుమీద కాలు పెట్టాడు. నేనే చెయ్యిపట్టి లోపలికి లాక్కొచ్చాను.

"ఆ మబ్బుల్లో ఏం కనపడతాది మామా? టీవీలో అయితే పక్కన నిలబడి చూసినట్టుంటాది, రా."

"అందరూ పైనుండారు గదా అబ్బయ్యా..." అన్నాడు గానీ, అల్లుడు ముచ్చటపడి తెచ్చిన వస్తువని కాదనలేక సోఫా అంచున కూర్చున్నాడు. ఆయన కళ్లు మెట్లవైపే ఉన్నాయి. అది గమనించే తీరిక నాకెక్కడిది, నేను రిమోట్ వెతుక్కుంటున్నాను.

ప్రత్యక్ష ప్రసారం టీవీకి ఎక్కించాను. కాసేపు బాగానే వచ్చింది, ఆగింది, తెరమీద గుండ్రం తిరిగింది, మళ్లీ ఆగినచోటి నుంచే వచ్చింది. కౌంట్‌డౌన్ నడుస్తోంది. ఉన్నట్టుండి పైన ఈలలు, చప్పట్లు. "అన్నా, బిరీన రా! లేచింది!" అని అమ్మ కేక. మామ లేవబోతే భుజం పట్టి కూలేశాను.

"కూచో మామా, వాళ్లకేం తెలుసు! ఇంకా టైముండాది, ఇక్కడ అంకెలు పడతా ఉంటే!"

(తూర్పున నిప్పులు కక్కుతూ లేచినదాన్ని కాదని టీవీలో అంకెల్ని నమ్మినవాణ్ణి. షాపులో నాకు స్క్రీన్ గార్డులే ఎందుకిచ్చారో ఇప్పుడు తెలుస్తోంది.) ఇంతలో కిటికీ తలుపులు గడగడలాడాయి, గూట్లో గ్లాసులు మోగాయి. రాకెట్ చప్పుడు పులికాట్ సరస్సు దాటి మా ఇంటికి చేరడానికే దాదాపు నిమిషం పడుతుంది. అంత వెనకబడి వచ్చే చప్పుడు కూడా నా టీవీని దాటేసింది!

మామ పంచె ఎగగట్టి నాకంటే ముందు మెట్లెక్కాడు. అప్పటికే రాకెట్టును మబ్బు మింగేసింది. పొగ ఒక్కటే వంకర తిరిగి మిగిలింది. "యాడ? యాడుండాది?" అంటూ మామ చిన్నపిల్లాడిలా ఆకాశమంతా వెతికాడు. అప్పుడు కింద హాల్లో నా టీవీ తీరిగ్గా సున్నాకి చేరింది.

అమ్మ తిట్టిన తిట్లు రాస్తే బాగుండదు. మామే అడ్డంపడ్డాడు. "వాణ్ణేమనబాకమ్మా. వాడు నాకు బాగా చూపిద్దామనే గదా చేసినాడు."

అక్కడితో ఆగినా బాగుండేది. ఊరికెళ్లి, అడిగినవాళ్లందరికీ "చూసినా. మా అల్లుడు దగ్గరుండి చూపించినాడు" అని చెప్పేశాడు, నన్ను నలుగురిలో చులకన చెయ్యలేక. అత్త ఫోన్లో చెబితే ముందు నవ్వాను. తర్వాతే అసలు సంగతి తెలిసొచ్చి చాలా బాధేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా ఆయన రాలేదు. "చూసొచ్చినోణ్ణి మళ్లా రాకెట్టుకని బయల్దేరితే నవ్వరా అబ్బయ్యా? నీకూ నాకూ తెలుసు, ఊరికి తెలవదు గదా" అంటాడు.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. ఆ డాంగిల్ అటకమీద ఎక్కడో పడి ఉంది. ఆనాటి నాలోని ఆ పెద్దమనిషి కనిపిస్తే చెవి మెలేసి మెట్లెక్కించాలని ఉంటుంది నాకు. రాకెట్ ఉన్న రోజు ఫోను కింద పడేసి డాబా ఎక్కుతాను, దిగగానే మామకు ఫోన్ చేస్తాను. మొన్నా చేశాను. "ఎట్ట పోయింది?" అన్నాడు. ముందు వెలుగు, ఆ వెలుగు నీళ్లమీద పడటం, చప్పుడు లేకుండా లేవడం, అన్నీ చెప్పాను. ఆయన పక్కన ఎవరో ఉన్నట్టున్నారు, కాస్త గట్టిగా అన్నాడు:

"అవునవును, అట్నే ఉంటాది. నేను చూసినా గదా."