గుడ్డ మేస్త్రి తుడిచిన మూల

ఆ ఫ్యాక్టరీలో ఆయన అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఎడమ భుజం మీద ఎప్పుడూ ఒక నూనె గుడ్డ వేలాడుతుంటుంది కాబట్టి గుడ్డ మేస్త్రి అయ్యాడు. చదునైన స్టీలు రేకును ప్రెస్సు కింద పెట్టి, ఒక్క నొక్కుతో వంటింటి సింకుగా దించడం ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన పని. ఆ భుజం మరకతో ఆయన భార్యకు అన్నేళ్లుగా యుద్ధమే. "నన్ను చేసుకున్నారా, ఆ గుడ్డను చేసుకున్నారా?" అని నిలదీస్తుంది. జవాబు చెప్పేంత అమాయకుడు కాదు మేస్త్రి.

రిటైరవడానికి నెల ఉందనగా పైగదిలోకి ఒక కంప్యూటరమ్మాయి వచ్చింది. రేకు ముట్టుకోకుండా తెర మీదే సింకును నొక్కి, ఎక్కడ పలచబడుతుందో, ఎక్కడ చిరుగుతుందో ముందే చెప్పడం ఆమె ఉద్యోగం. ముందుగా పాత డైని, అంటే రేకుకు సింకు ఆకారమిచ్చే అచ్చును, పరీక్షించమన్నారు. ఎన్నిసార్లు నొక్కినా తెర మీద ఎడమ వెనక మూల ఎర్రబడుతోంది. ఎరుపంటే చిరుగు. కింద ప్రెస్సులో మాత్రం ఒక్క సింకూ చిరగడం లేదు. మేనేజరు ఆమెను అందరి ముందూ ఉతికి ఆరేశాడు.

"లేని చిరుగు చూపించే కంప్యూటరు మనకెందుకమ్మా? శుక్రవారంలోగా ఇది తేలకపోతే వేరే చోటు చూసుకో."

ఆమె ముఖం చూసి మేస్త్రికి గుండె చివుక్కుమంది. తప్పెక్కడుందో తెలిసినవాడు ఆయనొక్కడే. రేకు పెట్టాక ఆ మూలను గుడ్డతో ఇంకోసారి తుడుస్తాడు. ఆ కాస్త నూనెకు రేకు పట్టేయకుండా జారి దిగుతుంది. ప్రెస్సు తన చేతికే లొంగుతుందని నలుగురూ అనుకుంటుంటే హాయిగా ఉండేది, అబద్ధమెందుకు! చెబితే డైనే సరిచేసేస్తారు. ఇక గుడ్డకేం విలువ?

రెండు రోజులు అన్నం సయించలేదు. గురువారం మెట్లెక్కాడు.

"అమ్మాయ్, నీ లెక్క తప్పు కాదు. తప్పు నాది," అంటూ సంగతంతా చెప్పి గుడ్డను బల్ల మీద పెట్టాడు.

ఆమె కోప్పడుతుందనుకున్నాడు. "ఎంత మేర తుడుస్తారు బాబాయ్?" అని అడిగింది. బల్ల మీదే తుడిచి చూపించాడు, అరచేతి వెడల్పున. కంప్యూటరులో అంత మేర రాపిడి తగ్గించి ఆమె తెర మీద మళ్లీ నొక్కింది. మూల ఆకుపచ్చగా మారింది.

"ఇదిగో బాబాయ్, మీ చెయ్యి."

ఇన్నేళ్ల పనిని ఒకరు కళ్లారా చూసింది ఇదే మొదలు.

మేనేజరు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. డైలో ఆ మూల వంపును కాస్త పెద్దది చేయించారు. మేస్త్రి ఆఖరి రోజున, గుడ్డ తగలకుండా పెట్టిన రేకు నిక్షేపంలాంటి సింకుగా దిగింది. అందరితో పాటు ఆయనా చప్పట్లు కొట్టాడు. అమ్మాయి ఉద్యోగం నిలిచినందుకు సంతోషమే. కానీ చెయ్యి ఊరికే భుజం మీదికి పోతుంటే దిగులేసింది.

ఇంటికొచ్చి చొక్కా విప్పి ఇచ్చాడు. భార్య అలవాటుగా సబ్బు తీసుకుని ఎడమ భుజం వెతికింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"గుడ్డేదండీ?"

"ఆ అమ్మాయి అడిగి ఉంచేసుకుంది."

ఆమె సబ్బు పక్కన పెట్టింది. లోపలికెళ్లి ఉతికిన తువ్వాలు ఒకటి తెచ్చి ఆయన ఎడమ భుజం మీద వేసింది.

"బోసిగా ఉంది," అంది.